చిరు విమానానికి తొలి నిప్పు

అరచేతిలో ఇమిడే ఇంజను ఒక చిన్న విమానాన్ని ఆకాశానికి ఎత్తగలదు. నమూనా విమానాల నిర్మాణం కొందరికి వినోదం, కొందరికి క్రీడ. విద్యార్థులకు అది విజ్ఞానశాస్త్రాన్ని చేతులతో నేర్చుకొనే సాధనం. మన దేశంలో ఎన్.సి.సి. వాయు విభాగంలో చేరినవారికి ఈ విద్య శిక్షణలో ఒక భాగం. విద్యుత్ మోటార్లతో ఎగిరే నమూనాలు నేడు ఎక్కువైనప్పటికీ, ఇంధనంతో నడిచే ఇంజన్లు ఇంకా వాడుకలో ఉన్నాయి. అటువంటి ఇంజన్లలో అధిక భాగం మేల్కొనడానికి కావలసింది ఒక చిన్న తీగచుట్టలో పుట్టే ఎర్రని వేడి. ఆ తీగచుట్ట గల పరికరమే గ్లో ప్లగ్గు. దానికి విద్యుత్తును ఎంత ఇవ్వాలి, ఎలా ఇవ్వాలి, ఎప్పుడు ఆపాలి అన్న మూడు విషయాలు తెలియనివాడు ప్లగ్గులను కాల్చుకుంటాడు. ఒక్కొక్కప్పుడు వేళ్లనూ గాయపరచుకుంటాడు.

1930వ దశకంలో నమూనా విమానాల పెట్రోలు ఇంజన్లు విద్యుత్ స్ఫులింగంతో పనిచేసేవి. స్ఫులింగం కోసం విమానం తనతోపాటు బ్యాటరీని, కాయిల్‌ను, కండెన్సర్‌ను మోసుకొని ఎగరవలసి వచ్చేది. చిన్న విమానానికి ఆ బరువు పెద్ద భారమే. 1947లో అమెరికాకు చెందిన రే ఆర్డెన్ గ్లో ప్లగ్గును విపణిలోకి తెచ్చి ఈ భారాన్ని తొలగించాడు. అప్పటినుండి బ్యాటరీ నేలమీదనే ఉండిపోయింది; విమానం తేలికపడింది.

బ్యాటరీ లేకుండా ఇంజను ఎలా నడుస్తుంది? ఈ ప్రశ్నకు సమాధానం ప్లాటినం లోహ స్వభావంలో ఉన్నది. వేడెక్కిన ప్లాటినం తీగను మండే వాయువు, గాలి కలిసిన మిశ్రమంలో ఉంచితే, మంట లేకపోయినా ఆ తీగ ఎర్రగా ప్రకాశిస్తూనే ఉంటుందని హంఫ్రీ డేవీ 1817లో వెల్లడించాడు. ప్లాటినం తాను తరిగిపోకుండానే దహనచర్యను త్వరితం చేస్తుంది. ఇటువంటి పదార్థాన్ని ఉత్ప్రేరకం అంటారు. గ్లో ప్లగ్గులోని తీగచుట్ట ప్లాటినం మిశ్రలోహంతో తయారవుతుంది. ఇంజనులో వాడే ఇంధనంలో ముఖ్యభాగం మిథనాల్. దానికి కందెనగా ఆముదాన్నో, కృత్రిమ తైలాన్నో కలుపుతారు. అదనపు శక్తి కోసం కొంత నైట్రోమీథేన్ కూడా చేరుస్తారు. మన పల్లెల్లో దీపాలు వెలిగించిన ఆముదం ఇక్కడ ఇంజను భాగాలు అరిగిపోకుండా కాపాడుతుంది. మిథనాల్ ఆవిరి ప్లాటినంను తాకినప్పుడు పుట్టే వేడి, పిస్టన్ పైకి వచ్చినప్పుడు కలిగే సంపీడనపు వేడి, అంతకుముందు జరిగిన దహనంలో మిగిలిన వేడి - ఈ మూడూ కలిసి తీగచుట్టను ఆరిపోనివ్వవు. అయితే ఈ చక్రం మొదలు కావడానికి తొలి వేడి బయటినుండి రావాలి. ఆ పని మాత్రమే విద్యుత్తుది.

ఆ తొలి వేడికి ఒక పరిమితి ఉన్నది. సాధారణమైన గ్లో ప్లగ్గుకు 1.2 నుండి 1.5 వోల్టులు చాలు. కాని దాని నిరోధం చాలా తక్కువ. వేడెక్కిన తీగ నిరోధం 0.5 ఓమ్ అనుకొంటే, 1.5 వోల్టుల వద్ద 3 ఆంపియర్ల విద్యుత్తు ప్రవహిస్తుంది. గోడ గడియారంలో వేసే చిన్న ఘటం కూడా 1.5 వోల్టులదే. అయినా అంతటి ప్రవాహాన్ని అది ఎక్కువసేపు ఇవ్వలేక నీరసిస్తుంది. అందుకే పూర్వం పెద్ద నిర్జల ఘటాలను వాడేవారు. ఒకటి చాలకపోతే రెండింటిని సమాంతరంగా కలిపేవారు. సమాంతర సంధానంలో వోల్టులు పెరగవు, ప్రవాహాన్ని ఇచ్చే సామర్థ్యం పెరుగుతుంది. శ్రేణిలో కలిపితే వోల్టులు రెట్టింపై తీగ తెగిపోతుంది. తరువాతి కాలంలో 1.2 వోల్టుల నికెల్-కాడ్మియం, నికెల్-మెటల్ హైడ్రైడ్ ఘటాలు వచ్చాయి. మళ్లీ మళ్లీ ఛార్జి చేసుకోగల ఈ ఘటాలు పిడికిట్లో ఇమిడి, కావలసిన ప్రవాహాన్ని తేలికగా ఇస్తాయి.

లిథియం ఘటం సంగతి వేరు. అదీ ఒక్క ఘటమే కదా అని నేరుగా కలపరాదు. దాని పీడనం సుమారు 3.7 వోల్టులు. తీగలో పుట్టే వేడి వోల్టుల వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుంది. అంటే 1.5 వోల్టుల వద్ద పుట్టే వేడికి ఇది ఆరు రెట్లు. తగిన నియంత్రణ వలయం లేకపోతే తీగ క్షణంలో కరిగిపోతుంది. ఇక ఇంజను తిప్పే స్టార్టరుకు వాడే 12 వోల్టుల బ్యాటరీని నేరుగా ప్లగ్గుకు కలపడం పిచ్చుకపై బ్రహ్మాస్త్రం ప్రయోగించడమే. మధ్యలో నిరోధాన్ని ఉంచి 3 ఆంపియర్లకు తగ్గించవచ్చు. కాని అప్పుడు మిగిలిన 10.5 వోల్టుల వల్ల 31.5 వాట్ల శక్తి ఆ నిరోధంలో వేడిగా వృథా అవుతుంది; ప్లగ్గుకు అందేది 4.5 వాట్లే. అందువల్ల విద్యుత్తును అతివేగంగా కలుపుతూ, తెంపుతూ సగటు వేడిని అదుపులో ఉంచే ఎలక్ట్రానిక్ పలకలను రూపొందించారు.

ఇటువంటి పలకపై ఆమీటరు ఉంటే అది ఇంజను నాడిని చెబుతుంది. ముల్లు కదలకపోతే తీగ తెగిందనో, క్లిప్పు సరిగా తగలలేదనో గ్రహించాలి. మామూలుకంటే ఎక్కువ ప్రవాహం చూపితే ఇంజనులో ఇంధనం అతిగా చేరి తీగను తడిపి చల్లబరుస్తున్నదేమోనని అనుమానించాలి. చల్లని ప్లాటినంకు నిరోధం తక్కువ. కనుక ప్రవాహం పెరుగుతుంది. ఆమీటరు లేనివారు ప్లగ్గును ఊడదీసి, ఘటానికి కలిపి చూడవచ్చు. తీగచుట్ట అంతా ప్రకాశవంతమైన నారింజ ఎరుపులో వెలగాలి. మందంగా వెలిగితే ఘటం బలహీనమైనదో, తీగలు పొడవై సన్ననివో, క్లిప్పు మురికిపట్టినదో అయి ఉంటుంది.

ప్లగ్గుకు విద్యుత్తు అందుతున్నంతసేపూ ఇంజను ఏ క్షణాన్నైనా మేల్కొనవచ్చు. కనుక విమానాన్ని ముందుగా కదలకుండా పట్టి ఉంచాలి. ప్రొపెల్లరును వేలితో కాక, కర్రతో గాని స్టార్టరుతో గాని తిప్పాలి. ఇంజను నడక కుదుటపడిన తరువాత ప్రొపెల్లరు వెనుకవైపు నుండి క్లిప్పును తీయాలి. తిరుగుతున్న ప్రొపెల్లరు కంటికి కనిపించదు. దాని మీదుగా చేయి చాచడం ప్రమాదకరం. మిథనాల్ విషపదార్థం. పగటి వెలుతురులో దాని మంట కూడా సరిగా కనిపించదు. అందువల్ల ఇంధనం ఒలికిన చోట విద్యుత్ సంధానాలు చేయరాదు.

క్లిప్పు తీసిన తరువాత వేగం ఏమాత్రం తగ్గకపోతే ఇంజను తన వేడితో తాను నిలబడినట్లు. వేగం పడిపోతే ఇంధనపు పాలు ఎక్కువైనదో, ప్లగ్గు పాతబడినదో అని తెలుసుకోవాలి. బిడ్డకు నడక వచ్చేవరకే వేలు అందిస్తారు. గ్లో ప్లగ్గుకు ఇచ్చే విద్యుత్తు కూడా అటువంటిదే. అది తక్కువైతే ఇంజను లేవదు, ఎక్కువైతే ప్లగ్గు మిగలదు. కొలతకు సరిపోయి, వేళకు విరమించినప్పుడే విమానం నేలను విడుస్తుంది.

ప్రశ్నలు

1. గ్లో ప్లగ్గు రాకతో నమూనా విమానం ఎందుకు తేలికపడింది?
2. బ్యాటరీని తీసివేసిన తరువాత కూడా తీగచుట్ట వేడిగా ఉండటానికి కారణాలేవి?
3. ఘటాలను సమాంతరంగా కలపడానికీ, శ్రేణిలో కలపడానికీ గల భేదాన్ని తెలపండి.
4. ఆమీటరు ఇంజను స్థితిని ఎలా తెలియజేస్తుందో వివరించండి.