మంచు చిరుత

ఏ ప్రాణి ఎక్కడ జీవిస్తుందో, ఆ చోటికి తగినట్లుగా దాని దేహం తరతరాలుగా రూపుదిద్దుకుంటుంది. ఈ ప్రకృతి ధర్మానికి హిమాలయాలలో సంచరించే మంచు చిరుత చక్కని నిదర్శనం. పేరులో చిరుత ఉన్నప్పటికీ, మన నల్లమల అడవులలోని చిరుతపులి కంటె పెద్దపులికే ఇది దగ్గరి బంధువని జన్యుశాస్త్రం చెబుతున్నది.

మంచు చిరుత సాధారణంగా సముద్రమట్టానికి 3,000 నుండి 5,000 మీటర్ల ఎత్తున నివసిస్తుంది. మన దేశంలో దీనికి ప్రధాన నివాసం లడఖ్. అక్కడ చెట్లు అరుదు. ఎటు చూసినా రాతి గుట్టలు, నిట్టనిలువు లోయలు. శీతకాలంలో ఉష్ణోగ్రత సున్నా కంటె 20 డిగ్రీలు దిగువకు పడిపోతుంది. అటువంటి చోట దీనిని మొదట కాపాడేది దట్టమైన బొచ్చు. పొట్ట భాగంలో ఆ రోమాల పొడవు సుమారు 12 సెంటీమీటర్లు. చెవులు చిన్నవిగా, గుండ్రంగా ఉండటంవల్ల వాటి ద్వారా దేహంలోని వేడి ఎక్కువగా బయటికి పోదు. బూడిదరంగు మేనిపై నల్లని మచ్చలు రాళ్ళలో కలిసిపోయి, వేటలో దీనికి మరుగునిస్తాయి.

దీని పాదాలు వెడల్పైనవి. అరికాళ్ళకు సైతం రోమాలుంటాయి. అందువల్ల దేహభారం ఒకేచోట పడక, మెత్తని మంచులో కాలు లోతుగా దిగబడదు. ముందుకాళ్ళ కంటె పొడవైన వెనుకకాళ్ళు దూకడానికి బలమిస్తాయి. భరల్ అనే కొండగొర్రెలను తరుముతూ ఏటవాలు బండలపై పరుగెత్తేటప్పుడు, దాదాపు మీటరు పొడవుండే తోక దేహం అదుపు తప్పకుండా చూస్తుంది. విశ్రాంతివేళ అదే తోక ముఖాన్ని కప్పే కంబళి.

ఇక శ్వాస సంగతి. 5,000 మీటర్ల ఎత్తున ఒక్కొక్క శ్వాసలో అందే ప్రాణవాయువు సముద్రతీరంలో అందేదానిలో సుమారు సగమే. మంచు చిరుత రక్తానికి ఇందుకు ప్రత్యేక శక్తి ఉండవచ్చునని పలువురు భావించారు. కాని 2015లో వెలువడిన పరిశోధన దాని రక్తంలోని హిమోగ్లోబిన్ పెంపుడు పిల్లిలోని దానికంటె అంత భిన్నమైనది కాదని తేల్చింది. విశాలమైన నాసికాకుహరం మాత్రం చల్లని గాలిని ఊపిరితిత్తులకు చేరేలోగా వెచ్చబరుస్తుంది.

చలినుండి కాపాడిన బొచ్చే వేటగాళ్ళను ఆకర్షించి దీనికి శత్రువయింది. గొర్రెల దొడ్డిలో జొరబడిన మంచు చిరుత ఒక్క రాత్రిలోనే అనేక జీవాలను చంపగలదు. బ్రతుకుతెరువు కోల్పోయిన కాపరి ఆగ్రహించడం సహజం. అందుకే లడఖ్ గ్రామాలలో దొడ్లకు ఇనుప వలల పైకప్పులు అమర్చుతున్నారు. మంచు చిరుతను చూడవచ్చే యాత్రికులకు తమ ఇళ్ళలో ఆతిథ్యమిచ్చి ఆదాయం పొందుతున్న గ్రామస్థులూ ఉన్నారు. జీవనోపాధికి రక్షణ కలిగినచోట మృగంపై పగ తగ్గుతుంది.

2024 జనవరిలో ప్రకటించిన గణన ప్రకారం మన దేశంలో ఉన్న మంచు చిరుతలు 718. వాటిలో 477 లడఖ్‌లోనివే. భూతాపం పెరిగేకొద్దీ చెట్లు ఇంకా పైకి వ్యాపించి, వీటి నివాసం కుంచించుకుపోతుందని శాస్త్రజ్ఞులు హెచ్చరిస్తున్నారు. చలికి తగిన దేహం రూపొందడానికి లక్షల సంవత్సరాలు పట్టింది. ఆ చలి కొన్ని దశాబ్దాలలోనే తగ్గిపోతే, తొడుగును విప్పినట్లు ఆ దేహాన్ని మార్చుకోవడం ఏ ప్రాణికీ సాధ్యం కాదు. కనుక మంచు చిరుతను రక్షించడమంటే దానిని తీర్చిదిద్దిన ఆ హిమసీమను రక్షించడమే.