తుపాకీ మూతికి బిగించే గొట్టం: సప్రెసర్ పుట్టుక, పనితీరు, ప్రమాదాలు

తుపాకీ బ్యారెల్ చివర బిగించే లోహపు గొట్టమే సప్రెసర్. జనం నోట సైలెన్సర్ అన్న పేరే ఎక్కువగా నలుగుతుంది. పొడవు ఇంచుమించు జానెడు, బరువు చాలావరకు అరకిలో చుట్టుపక్కల. లోపల కదిలే భాగాలేవీ పెద్దగా ఉండవు. అయినా దాన్ని సరిగా బిగించడం తుపాకీ పనుల్లో చాలా జాగ్రత్త కోరే పని. సెకనుకు 900 మీటర్ల వేగంతో దూసుకెళ్లే తూటా ఆ గొట్టం గోడలకు ఎక్కడా తగలకుండా, నడిమధ్య నుంచి బయటపడాలి. సప్రెసర్ మంచిచెడ్డలన్నీ ఈ ఒక్క షరతు మీదే నిలబడి ఉన్నాయి.

తుపాకీ మోత మూడు చోట్ల పుడుతుంది. మందు మండినప్పుడు పుట్టిన వాయువు తూటా వెనకాలే విపరీతమైన పీడనంతో బయటికి ఉరుకుతుంది. అది చుట్టూ ఉన్న గాలిని ఒక్కసారిగా నెట్టేయడంతో వచ్చేది మొదటి మోత, అన్నిటికన్నా పెద్దది. తూటా ధ్వనివేగాన్ని దాటితే దారి పొడవునా కొరడా ఝళిపించినట్టు మరో చప్పుడు పుడుతుంది. బోల్టు ముందుకూ వెనక్కూ కొట్టుకునే శబ్దం మూడోది. సప్రెసర్ అదుపు చేయగలిగేది మొదటిదాన్నే. గొట్టం లోపల వరసగా అడ్డుపలకలు ఉంటాయి. ఇంగ్లీషులో వాటిని బాఫిల్స్ అంటారు. ప్రతి పలకకూ మధ్యలో తూటా పట్టేంత రంధ్రం ఉంటుంది. తూటా నేరుగా వెళ్లిపోతుంది. వాయువు మాత్రం ఒక్కో గదిలో వ్యాకోచించి, సుళ్లు తిరిగి, తన వేడిలో కొంత లోహానికి ఇచ్చి, నెమ్మదించి బయటపడుతుంది.

ఇంత చేసినా తుపాకీ మూగబోదు. రైఫిల్ మోత సాధారణంగా 155 నుంచి 170 డెసిబెల్స్ దాకా ఉంటుంది. మంచి సప్రెసర్ అందులో 20 నుంచి 35 డెసిబెల్స్ తగ్గిస్తుంది. 140 డెసిబెల్స్ దాటిన చప్పుడు ఒక్కసారి పడినా లోపలి చెవిలోని రోమకణాలు దెబ్బతినవచ్చు. మనిషికి అవి మళ్లీ మొలవవు. కాబట్టి సప్రెసర్ మోతను ప్రమాదపు గీత దగ్గరికి దించుతుందే తప్ప చెవికి పూర్తి భద్రత ఇవ్వదు. సినిమాల్లో వినిపించే ఉఫ్‌మన్న చప్పుడు కల్పన.

ఈ పరికరాన్ని వ్యాపార స్థాయికి తెచ్చినవాడు అమెరికన్ ఇంజనీరు హైరమ్ పెర్సీ మాక్సిమ్. 1869లో పుట్టాడు. తండ్రి హైరమ్ స్టీవెన్స్ మాక్సిమ్ 1884లో మెషీన్‌గన్ కనిపెట్టి, ఏళ్ల తరబడి దాని పేలుళ్ల మధ్యే గడిపి వినికిడి పోగొట్టుకున్నాడు. తండ్రి లోకానికిచ్చిన మోతను తగ్గించే సాధనం కొడుకు చేతి మీదుగా రావడం యంత్రాల చరిత్రలో అరుదైన సంగతి. స్నానపు తొట్టెలో నీళ్లు సుడి తిరుగుతూ తూములోకి దిగడం చూసి, తుపాకీ వాయువును కూడా అలాగే సుడి తిప్పవచ్చన్న ఆలోచన అతనికి తట్టిందని చెబుతారు. 1909 మార్చిలో పేటెంటు వచ్చింది. ఆ సప్రెసర్‌లో తూటా రంధ్రం గొట్టానికి నడిమధ్యన ఉండదు, కాస్త పైకి ఉంటుంది. గది భాగం ఎక్కువగా కిందికి ఉండడం వల్ల గురి చూసే కంటికి గొట్టం అడ్డు రాదు. మాజీ అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ కూడా తన వించెస్టర్ రైఫిల్‌కు మాక్సిమ్ గొట్టం పెట్టించుకున్నాడు.

ఇదే సూత్రం ఇంజన్లకూ పనికొచ్చింది. పొలంలో ట్రాక్టరుకు, రోడ్డు మీద మోటారు బండికి ఉండే సైలెన్సర్ చేసే పని ఇదే. మాక్సిమ్ కంపెనీ కాలక్రమంలో తుపాకీ గొట్టాలు మాని ఇంజన్ల, పరిశ్రమల చప్పుడు తగ్గించే పరికరాల వైపు మళ్లింది. 1934లో అమెరికా సప్రెసర్ మీద 200 డాలర్ల పన్ను వేసింది. ఆనాటికి అది గొట్టం ధరకన్నా ఎక్కువ. దాంతో మామూలు కొనుగోలుదారులు దూరమయ్యారు. రెండో ప్రపంచయుద్ధంలో రహస్య దళాల కోసం బ్రిటన్ సప్రెసర్‌తో కూడిన వెల్‌రాడ్ పిస్తోలు, డి లైల్ కార్బైన్ తయారుచేసింది. ఫిన్‌లాండ్ వంటి ఉత్తర ఐరోపా దేశాల్లో మాత్రం వేటగాళ్ల చెవులకు, ఊళ్ల ప్రశాంతతకు మేలు చేసే సాధనంగా దీనికి ఆమోదం దొరికింది.

తెలుగు నేల మీద ఈ పరికరానికి చోటు భద్రతా దళాల దగ్గరే. 2008 ముంబై దాడుల తర్వాత కేంద్రం కమాండో దళమైన ఎన్‌ఎస్‌జీకి ప్రాంతీయ కేంద్రాలు పెట్టింది. 2009లో వచ్చిన హైదరాబాద్ కేంద్రానికి సొంత ప్రాంగణం రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నంలో ఏర్పడింది. రాష్ట్ర పోలీసుల ఉగ్రవాద నిరోధక దళం ఆక్టోపస్‌కూ ఇబ్రహీంపట్నమే శిక్షణ స్థావరం. ఎన్‌ఎస్‌జీ పేరు చెప్పగానే గుర్తొచ్చే ఆయుధం జర్మన్ ఎంపీ5. ఆ కుటుంబంలో 1974లో వచ్చిన ఎస్‌డీ రకానికి సప్రెసర్ తుపాకీతోపాటే రూపొందింది. దాని బ్యారెల్‌కు 30 చిన్న రంధ్రాలుంటాయి. వాటి గుండా కొంత వాయువు ముందే గొట్టంలోకి జారిపోవడంతో మామూలు 9 ఎంఎం తూటా వేగం కూడా ధ్వనివేగం కన్నా దిగువకు పడిపోతుంది. ధ్వనివేగం అన్ని కాలాల్లో ఒకటి కాదు. 20 డిగ్రీల దగ్గర సెకనుకు సుమారు 343 మీటర్లు, తెలంగాణ ఎండాకాలపు 40 డిగ్రీలకు సుమారు 355 మీటర్లు. గీత దగ్గర తిరిగే తూటా చలికాలపు పొద్దున చిటపటలాడి, మే నెల మధ్యాహ్నం మెత్తగా పోవడానికి కారణం ఇదే.

విడిగా బిగించే సప్రెసర్‌తోనే చిక్కులు మొదలవుతాయి. బ్యారెల్ మూతి మీద మరలు కోసి, గొట్టాన్ని దానికి తిప్పి ఎక్కిస్తారు. మరల కొలతలు రకరకాలు. 5.56 ఎంఎం రైఫిళ్లకు అర అంగుళం వ్యాసం, అంగుళానికి 28 చుట్లు ఎక్కువగా కనిపిస్తాయి. 7.62 ఎంఎం వాటికి అంగుళంలో ఎనిమిదింట ఐదు వంతుల వ్యాసం, 24 చుట్లు. ఏకే రకాల్లో 14 మిల్లీమీటర్ల ఎడమ మర. దగ్గరి కొలతే కదా అని బలవంతంగా తిప్పితే మరలు చితికిపోయి గొట్టం వంకరగా కూర్చుంటుంది.

ఆ వంకర ఎంతుంటే చేటు? సప్రెసర్ రంధ్రం తూటా కన్నా ఒకటి, ఒకటిన్నర మిల్లీమీటర్లే పెద్దది. అంటే చుట్టూ మిగిలే సందు మిల్లీమీటరులో ముప్పాతికకు మించదు. 200 మిల్లీమీటర్ల గొట్టం డిగ్రీలో మూడో వంతు పక్కకు వాలినా, చివరికి చేరేసరికి తేడా ఒక మిల్లీమీటరు దాటుతుంది. కంటికి ఆనని ఆ వాలు చాలు. తూటా చివరి పలకనో మూతనో కొడుతుంది. అదృష్టం బాగుంటే మూత అంచు మీద గీత పడుతుంది. లేకపోతే పలకలు చినిగి, గొట్టం ఊడి ముందుకు ఎగిరి, తూటా దారి తప్పుతుంది.

ఇందుకు తప్పు గొట్టానిదే కానక్కర్లేదు. మరలు బ్యారెల్ బయటి అంచును చూసి కోసి ఉంటే, లోపలి రంధ్రపు అక్షంతో అవి కలవకపోవచ్చు. బ్యారెల్ భుజం, అంటే గొట్టం వచ్చి ఆనే మెట్టు, సమతలంగా లేకపోయినా ఇదే గతి. మెత్తగా నలిగే వాషర్ వేయడం మరో పెద్ద పొరపాటు. మూతి దగ్గరి మెరుపును తగ్గించే ఫ్లాష్ హైడర్ దిశను సరిచేయడానికి అది పనికొస్తుంది. కానీ అన్ని వైపులా ఒకేలా నలగదు కాబట్టి సప్రెసర్ కింద దానికి చోటు లేదు. అందుకే ఆయుధాల మెకానిక్కులు గొట్టం బిగించాక, ఖాళీ బ్యారెల్‌లోకి సూటిగా సానబట్టిన ఉక్కు కడ్డీ దించి, చివరి రంధ్రంలో అది నడిమధ్యన ఉందో లేదో చూస్తారు. ఈ పరీక్ష దాటని గొట్టంతో ఒక్క తూటా కూడా కాల్చకూడదు. లేత్ మీద మిల్లీమీటరులో వందో వంతు తేడాను పట్టించుకునే పనితనం దీనికి కావాలి. సీఎన్‌సీ యంత్రాలు తయారుచేసే హైదరాబాద్ సంస్థ లోకేశ్ మెషీన్స్ చేతికి అస్మి మెషీన్ పిస్తోలు తయారీ రావడం ఈ కోణంలో చూస్తే సహజం.

సరిగా ఎక్కిన గొట్టం కూడా కాల్పుల అదురుకు వదులవుతుంది. మధ్యమధ్య ఆపి, మ్యాగజైన్ తీసి, చాంబర్ ఖాళీ అని చూసి, తుపాకీ మూతి లక్ష్యం వైపే ఉంచి బిగువు సరిచూడాలి. ఆ పని ఒట్టి చేత్తో చేస్తే చర్మం ఊడివస్తుంది. వరసగా కొన్ని మ్యాగజైన్లు కాల్చిన గొట్టం వందల డిగ్రీల వేడిలో ఉంటుంది. దానికి వ్యతిరేకమైన చిక్కు కార్బన్ మసి. అది మరల మధ్య గట్టిపడి గొట్టాన్ని ఊడిరాకుండా పట్టేస్తుంది.

సప్రెసర్ ఉన్నప్పుడు వాయువు ముందుకు పోలేక కొంత వెనక్కి మళ్లుతుంది. దాంతో బోల్టు వేగం పెరిగి, ఖాళీ తొడుగు సరిగా బయటపడక తుపాకీ ఇరుక్కుపోవచ్చు. సీసపు రేణువులున్న పొగ నేరుగా ముఖం మీదికి వస్తుంది. గాలి ఆడని లోపలి రేంజ్‌లో ఇది చిన్న విషయం కాదు. మూతి మీద బరువు పెరిగినందున తూటా పడే చోటు కూడా మారుతుంది. గురి మళ్లీ సరిచేసుకోవాలి. వేగం తగ్గించిన బరువు తూటాకు బ్యారెల్ లోపలి మెలికల గాడులు తగినంత తిప్పు ఇవ్వకపోతే, అది నిలకడ తప్పి గొట్టం లోపలే పలకలకు తగిలే ముప్పుంది.

గచ్చిబౌలి వంటి క్రీడా రేంజ్‌లలో సప్రెసర్ కనిపించదు. 2003లో హైదరాబాద్ ఆఫ్రో-ఆసియా క్రీడల్లో గగన్ నారంగ్ స్వర్ణం తెచ్చిన 10 మీటర్ల పోటీ ఎయిర్ రైఫిల్‌ది. ఈషా సింగ్ పతకాలు గెలిచిన 25 మీటర్ల పిస్తోలు 5.6 ఎంఎంది. అది చిన్న తూటానే అయినా పైకప్పు కింద, పక్క లేన్ల మోతతో కలిసి చెవులకు హాని చేయగలదు. కాల్చేవారే కాక కోచ్‌లు, స్కోరర్లు, చూడవచ్చిన తల్లిదండ్రులు కూడా ఇయర్ ప్లగ్‌లో మఫ్‌లో పెట్టుకోవాలి. రైఫిల్ మోత ఉన్నచోట రెండూ కలిపి వాడడం మేలు.

భారతదేశంలో సామాన్యుడు సప్రెసర్ కొనడానికీ, ఉంచుకోవడానికీ వీల్లేదు. తుపాకీ చప్పుడు లేదా మెరుపు తగ్గించే ఉపకరణాన్ని 1959 ఆయుధాల చట్టం తుపాకీ నిర్వచనంలోనే చేర్చింది. ఆయుధాల నిబంధనలు దాన్ని నిషిద్ధ శ్రేణిలో పెట్టాయి. 2019 సవరణ తర్వాత నిషిద్ధ ఆయుధం దగ్గర ఉంచుకుంటే కనీస శిక్ష ఏడేళ్ల జైలు, గరిష్ఠం పద్నాలుగేళ్లు. తుపాకీ లైసెన్సు ఉన్నంత మాత్రాన ఈ గొట్టానికి అనుమతి ఉన్నట్టు కాదు.