పాత అమెరికన్ కారు: నడిచే బండా, ప్రాజెక్టా?

అమ్మకానికి వచ్చే పాత అమెరికన్ కార్లు రెండు రకాలు. తాళం తిప్పితే స్టార్టయి, ఆదివారం పూట ఊరంతా తిప్పి ఇంటికి చేర్చేది నడిచే బండి. ఏళ్ల తరబడి షెడ్డులో పడి ఉండి, మొత్తం విప్పి బాగుచేస్తే తప్ప కదలనిది ప్రాజెక్టు. అమెరికాలో వీటి స్థితిని 1 నుంచి 4 దాకా అంకెలతో చెప్పే పద్ధతి ఉంది. పోటీలో బహుమతి గెలిచే స్థాయి కారు 1. బాగా నడుస్తూ, దగ్గరకెళ్తే లోపాలు కనిపించేది 3. నడుస్తున్నా లోపాలు దూరం నుంచే తెలిసిపోయేది 4. ప్రాజెక్టు అంతకంటే కింద ఉంటుంది. మన దగ్గర అమ్మేవాళ్లు అంకె చెప్పరు. కొనేవాళ్లే కళ్లతో చూసి, చేత్తో తడిమి తేల్చుకోవాలి.

మన దగ్గరున్న ఈ కార్లలో చాలా భాగం తయారై ఓడలో దిగినవి కావు, ఇక్కడ బిగించినవే. ఫోర్డ్ 1926లో బొంబాయిలో అడుగుపెట్టి తరువాత మద్రాసు, కలకత్తాలకు విస్తరించింది. జనరల్ మోటార్స్ 1928లో బొంబాయి సెవ్రీలో షెవర్లే కార్లు, లారీలు బిగించడం మొదలుపెట్టింది. విడిభాగాలు తెచ్చి బిగించడం కాదు, ఇక్కడే తయారు చేయాలని కేంద్రం పట్టుబట్టడంతో 1954కల్లా రెండూ మూతపడ్డాయి. వాల్‌చంద్ హీరాచంద్ స్థాపించిన ప్రీమియర్ ఆటోమొబైల్స్ మాత్రం క్రైస్లర్‌తో ఒప్పందం మీద కుర్లాలో డాడ్జ్, ప్లిమత్, డిసోటో కార్లనూ ఫార్గో లారీలనూ బిగించింది. హిందుస్థాన్ మోటార్స్ నుంచి స్టూడీబేకర్లు వచ్చాయి.

ఈ చరిత్ర కొనేవాళ్లకు నేరుగా పనికొస్తుంది. మన దగ్గర బిగించిన కార్లకు స్టీరింగ్ కుడివైపున ఉంటుంది. అమెరికా నుంచి పిస్టన్లు, గ్యాస్కెట్లు, బ్రేక్ సామాను తెప్పించుకుంటే చాలావరకు సరిపోతాయి. డ్యాష్‌బోర్డు, స్టీరింగ్ బాక్సు లాంటివి మాత్రం ఎడమవైపు కారు నుంచి తెచ్చి పెట్టలేరు. వాటికోసం ఆస్ట్రేలియా వైపు చూడాలి, అక్కడివీ కుడివైపు కార్లే. డాడ్జ్, ప్లిమత్, డిసోటోలకు ఇంకో సౌకర్యం ఉంది. వాటి ఆరు సిలిండర్ల ఇంజన్ ఒకే కుటుంబానిది, ఫార్గో లారీలోనూ దాని తోబుట్టువే ఉంటుంది. కాబట్టి పాత లారీ సామాను అమ్మే కొట్లలోనూ కొన్ని భాగాలు దొరికే అవకాశం ఉంది.

సూరత్ ఉత్తర అంచున, తాపీ నదికి అవతల ఉన్న కోసాడ్ లాంటి చోట కారు కొనాలనుకునేవాళ్లు ఇంజన్ కంటే ముందు బాడీ చూడాలి. ఇది వానలు, ఉప్పుగాలి ఉన్న ప్రాంతం. 2006 ఆగస్టులో తాపీ వరద సూరత్ నగరంలో చాలా భాగాన్ని ముంచింది. అప్పుడు నీళ్లలో నిలిచిన కారు ఈరోజు కొత్త రంగుతో మెరుస్తూ ఉండొచ్చు. ఒక చిన్న అయస్కాంతాన్ని పల్చటి గుడ్డలో చుట్టి తలుపుల కింది అంచుల మీద, చక్రాల పై వంపుల మీద మెల్లగా జరపాలి. పట్టు జారిపోయిన చోట రంగు కింద రేకు లేదు, పుట్టీ ఉంది. తరువాత వెనక సీటు ఎత్తి, కార్పెట్ తొలగించి, నేల రేకు మూలల్లో వేలు పెట్టి చూడాలి. గట్టిపడిన సన్నటి ఒండ్రు తగిలితే ఆ బండి నీట మునిగినట్టే. అప్పుడు వైర్లనూ, చాసిస్ లోపలి భాగాలనూ అనుమానించాల్సిందే.

కరెంటు సంగతి చాలామంది పట్టించుకోరు. 1955 ప్రాంతం దాకా ఎక్కువ అమెరికన్ కార్లలో ఉన్నవి 6 వోల్టుల బ్యాటరీలు. పైగా డాడ్జ్, ప్లిమత్, ఫోర్డుల్లో బాడీకి కలిపేది పాజిటివ్ తీగను. ఇప్పటి అలవాటు ప్రకారం తిప్పి బిగిస్తే జనరేటర్‌కూ రేడియోకూ దెబ్బ. పెట్రోలూ మారిపోయింది. బంకుల్లో ఇప్పుడు దొరికే 20 శాతం ఇథనాల్ పెట్రోలు పాత రబ్బరు పైపులనూ, పంపులోని డయాఫ్రమ్‌నూ తినేస్తుంది, తేమను పీల్చి ట్యాంకుకు తుప్పు పట్టిస్తుంది. ఇథనాల్‌కు తట్టుకునే పైపులు వేయించడం, వానాకాలమంతా కారు నిలిపేస్తే ట్యాంకు ఖాళీ చేయడం తప్పనిసరి. నడిచే బండి కొన్నా మొదటి నెలలోనే ఈ ఖర్చు ఉంటుంది.

1970లలో పెట్రోలు ధర పెరిగినప్పుడు ఎంతోమంది యజమానులు పెద్ద పెట్రోలు ఇంజన్ తీయించి డీజిల్ ఇంజన్ పెట్టించారు. బతుకుతెరువు కోసం చేసిన ఆ పని అప్పటికి సబబే. ఇప్పుడు మాత్రం అదే పెద్ద చిక్కు. 2021 జులైలో కేంద్ర రోడ్డు రవాణా శాఖ తెచ్చిన నిబంధనల ప్రకారం, మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటి, చాసిస్, బాడీ, ఇంజన్ మార్పులు లేకుండా అసలు రూపంలో ఉన్నదే వింటేజ్ వాహనం. కొత్త రిజిస్ట్రేషన్‌కు రుసుము 20,000 రూపాయలు, గడువు 10 ఏళ్లు. నంబరులో వీఏ అక్షరాలు వస్తాయి. పాత నంబరు ఉన్న బండి దాన్నే ఉంచుకోవచ్చు. అలా నమోదైన కారును ప్రదర్శనలకూ, ర్యాలీలకూ, మరమ్మతుకూ, పెట్రోలు పోయించుకోవడానికీ మాత్రమే రోడ్డెక్కించాలి. రోజూ ఆఫీసుకు వెళ్లడానికి కుదరదు. డీజిల్ పెట్టిన డాడ్జ్ ఎంత చక్కగా నడిచినా, అసలు ఇంజన్ తిరిగి వచ్చేదాకా వింటేజ్ గుర్తింపు విషయంలో అది ప్రాజెక్టే.

ధర చూస్తే ప్రాజెక్టు చవకగా అనిపిస్తుంది. చివరికి ఎక్కువ ఖర్చయ్యేది దానికే. ఇక్కడ టింకరింగ్, సీట్ల కుట్టుపని కూలి అమెరికాతో పోలిస్తే తక్కువే. కానీ గ్రిల్లు, అద్దం, తలుపు పిడి లాంటి ఒక్క భాగం దొరక్క ఏళ్ల తరబడి ఆగిపోయే కార్లు చాలా ఉంటాయి. మొదటిసారి కొనేవాళ్లకు కొద్దిగా అందం తగ్గినా అన్ని భాగాలూ ఉన్న నడిచే బండే మేలు. ప్రాజెక్టే కావాలంటే ఇంజన్ పట్టేసినా ఫర్వాలేదు, బాడీ మాత్రం పూర్తిగా ఉన్నది ఎంచుకోవాలి. ఏ భాగం ఎలా ఉండాలో తెలియాలంటే అహ్మదాబాద్ దగ్గరి కఠ్వాడాలో ప్రాణ్‌లాల్ భోగీలాల్ సేకరించిన ఆటో వరల్డ్ మ్యూజియం, సౌరాష్ట్రలో గోండల్ రాజకుటుంబపు కార్ల సేకరణ చూడదగినవి.

ఆఖరి పరీక్ష కాగితాలది. డాడ్జ్, ప్లిమత్ ఇంజన్ నంబరు బ్లాకు ఎడమవైపు, ముందుభాగంలో, హెడ్డుకు కొంచెం కింద ఉబ్బెత్తు చదును మీద కొట్టి ఉంటుంది. మట్టి గోకి, టార్చి వేసి ఆ అంకెలనూ, చాసిస్ నంబరునూ ఆర్సీతో పోల్చాలి. ఆ ఆర్సీ ఇచ్చిన ఆర్టీవో రికార్డులో బండి ఇంకా ఆర్సీలో ఉన్న పేరు మీదే ఉందో లేదో కనుక్కోవాలి. ఈ రెండూ తేలాకే బయానా ఇవ్వండి.