కార్జపు సాసేజి రక్తవృద్ధికి మంచిదేనా?

రక్తం తక్కువగా ఉందనగానే మన పెద్దలు చెప్పే మొదటి మాట మేక కార్జం. అమెరికాలో కాపురముంటున్న ఆడపిల్లలకు అది అన్ని ఊళ్లలోనూ లభింపదు. అక్కడి దుకాణాలలో తినడానికి సిద్ధంగా దొరికే ‘లివర్‌వర్స్ట్’, ‘బ్రౌన్‌ష్వైగర్’ అనే మెత్తని సాసేజిలను రొట్టెకు పూసుకుని తింటే చాలునా?

ఇవి జర్మనీ దేశపు వంటకాలు. పంది కాలేయం, మాంసం, కొవ్వు మెత్తగా నూరి, ఉల్లి, మిరియాలు, మరువం చేర్చి ఉడికిస్తారు. (మనం పూలమాలలలో కట్టే మరువమే!) వీటిలో కాలేయం కనీసం 30 శాతం ఉండాలని అమెరికా నిబంధన. అనగా తక్కిన భాగంలో కొవ్వుకు చాలినంత చోటున్నది.

కాలేయపు గుణాన్ని శంకింప పనిలేదు. రేచీకటికి మేక కాలేయాన్ని పిప్పళ్లతో ఇమ్మని సుశ్రుతసంహిత ఉత్తరతంత్రం చెప్పింది. అందులోని ‘ఎ’ విటమిను సంగతి ఎంతో కాలానికి గాని తెలియలేదు. ఒక రకపు తీవ్ర పాండురోగాన్ని కాలేయాహారంతో నయం చేసే మార్గం చూపినందుకే విపుల్, మైనాట్, మర్ఫీలకు 1934లో నోబెల్ బహుమతి లభించింది. భీమవరంలో జన్మించిన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వాన లెడర్లే పరిశోధకులు ఫోలిక్ ఆమ్లాన్ని కాలేయం నుండి వేరుపరచి, 1945 నాటికి కృత్రిమంగా తయారుచేశారు.

ఇక సాసేజి సంగతి. నూరు గ్రాములలో మాంసకృత్తులు 14 గ్రాములు, ఇనుము రకాన్ని బట్టి 6 నుండి 11 మిల్లీగ్రాములు, ‘బి12’ పుష్కలం. మాంసంలోని ఇనుము ఆకుకూరల ఇనుము కంటె సులువుగా ఒంటబడుతుంది. అయితే క్రొవ్వు 28 గ్రాములు! బ్రౌన్‌ష్వైగర్‌లో సోడియం దాదాపు ఒక గ్రాము. అది ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజుకు విధించిన పరిమితిలో సగం. నిలువచేసిన, శుద్ధిచేసిన మాంసాలు పెద్దప్రేవు క్యాన్సరుకు కారకమని ఆ సంస్థ పరిశోధనా విభాగం 2015లో ప్రకటించింది.

గర్భిణుల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. నూరు గ్రాముల సాసేజిలో ‘ఎ’ విటమిను 4,000 నుండి 8,000 మైక్రోగ్రాముల దాకా ఉంటుంది. పెద్దలకు రోజుకు మించరాని హద్దు 3,000. తొలి మాసాలలో ఇది అధికమైతే శిశువు అవయవ నిర్మాణం దెబ్బతినవచ్చును. అందుకే బ్రిటన్ ఆరోగ్య శాఖ గర్భిణులను కాలేయాన్నీ, దానితో చేసిన పదార్థాలనూ మానుమంటున్నది. ఈ లెక్కన మన మేక కార్జానికీ మినహాయింపు లేదు. “కడుపుతో ఉన్న పిల్ల, రక్తం పట్టాలి” అని రోజూ తినిపించే తల్లులు దీనిని గమనించవలెను.

తక్కినవారు వారానికొకమారు, రెండు పలుచని ముక్కలు తినవచ్చును. కీళ్లవాతం, యూరిక్ ఆమ్లం ఉన్నవారు ముట్టరాదు. గర్భిణులు వైద్యుడిచ్చిన ఇనుము, ఫోలిక్ ఆమ్లపు మాత్రలు మానక, తోటకూర పప్పుపై నిమ్మరసం పిండుకుని తినవలెను. భోజనమైన గంట వరకు కాఫీ, టీలు త్రాగరాదు. అవి ఆకుకూరల ఇనుమును ఒంటబట్టనీయవు.