సభ వాయిదా పడకముందే మీ అర్జీ ఎమ్మెల్యే చేతికి చేరాలి

మార్చి నెల అంటే యాసంగి వరి గింజ పాలు పోసుకునే కాలం. బోర్లు ఆగి ఆగి పోస్తుంటాయి, కాలువ కింద చివరి ఆయకట్టుకు తడి అందదు. సరిగ్గా అప్పుడే హైదరాబాదులో అసెంబ్లీ బడ్జెట్ సమావేశాలు ముగింపుకొస్తాయి. "ఆడి లొల్లి ఆళ్లది, ఈడి లొల్లి మనది. అసెంబ్లీతోని మనకేం పని సారూ?" అని మార్కెట్ యార్డులో ఒక పెద్దాయన నన్ను అడిగాడు. ఆయన పాసు పుస్తకంలో 12 గుంటలు తక్కువ పడింది. ఆఫీసుల చుట్టూ తిరిగి తిరిగి విసిగిపోయాడు. రైతు సోదరులారా, ఆయనతో చెప్పిన సంగతులే మీకూ చెబుతున్నాను.

ఆఖరి వారంలో ఏం జరుగుతుంది?

సర్కారు లెక్కల సంవత్సరం మార్చి 31తో ముగుస్తుంది. ఆ తర్వాత ఖజానా నుంచి డబ్బు తీయాలంటే శాసనసభ ఒప్పుకోవాలి. అందుకే చివరి రోజుల్లో సభకు ఉరుకులు పరుగులే. 2025 సంగతే చూడండి. తెలంగాణ బడ్జెట్‌ను మార్చి 19న పెట్టారు. మొత్తం 3,04,965 కోట్ల రూపాయలు. అందులో వ్యవసాయానికి 24,439 కోట్లు. మార్చి 27న సభ నిరవధికంగా వాయిదా పడింది. బడ్జెట్ పెట్టిన రోజుతో కలిపి లెక్కేసినా తొమ్మిది రోజులే. సాగునీరు, వ్యవసాయం, కరెంటు, రెవెన్యూ అన్ని శాఖల పద్దులూ ఈలోపే తెమలాలి.

పద్దు అంటే ఒక్కో శాఖ "మాకు ఇంత కావాలి" అని సభను అడిగే లెక్క. టైము చాలకపోతే మిగిలిన పద్దులను చర్చ లేకుండానే వరసగా ఓటుకు పెట్టేస్తారు. దీన్ని గిలెటిన్ అంటారు. మీ కాలువ ఉన్న పద్దు అందులో పడిందంటే దాని మీద ఎవరూ నోరు తెరిచే వీలుండదు. పద్దులన్నీ అయ్యాక ద్రవ్య వినిమయ బిల్లు వస్తుంది. అది పాసైతేనే ఖజానా తలుపు తెరుచుకుంటుంది.

ఎమ్మెల్యే ఏం చేయగలడు?

ఒక సంగతి చాలామందికి తెలియదు. పద్దును ఒప్పుకోవచ్చు, కాదనవచ్చు, తగ్గించమనవచ్చు. పెంచే అధికారం మాత్రం సభకు లేదు. రాజ్యాంగంలోని 203వ అధికరణం చెప్పేది ఇదే. మరి మాట్లాడి ఏం లాభం అంటారేమో. లాభం ఉంది. పద్దులో వంద రూపాయలు తగ్గించాలని సభ్యుడు కోత తీర్మానం ఇవ్వవచ్చు. సర్కారుకు వంద రూపాయలు ఒక లెక్క కాదు గానీ, ఆ వంకతో మీ ఊరి ఎత్తిపోతల పంపు ఎందుకు నడవడం లేదో సభలో అడగవచ్చు. మంత్రి లేచి "చేయిస్తాం" అంటే ఆ మాట రికార్డుకెక్కుతుంది. సభలో ఇచ్చిన హామీలు అమలయ్యాయో లేదో చూడటానికి హామీల కమిటీ ఉంటుంది.

తెలంగాణ సభలో సభ్యులు 119 మంది. అందులో 12 మంది కూర్చున్నా కోరం ఉన్నట్టే, సభ నడుస్తుంది. ఆఖరి రోజు మీ ఎమ్మెల్యే బెంచీ మీద ఉన్నాడా లేక ఊళ్లో పెండ్లికి పోయాడా అన్నది మీరే కనుక్కోవాలి.

భూమి బిల్లు వచ్చిందీ చివర్లోనే

2024 డిసెంబరు సమావేశాలు చాలామందికి గుర్తుండే ఉంటాయి. భూభారతి బిల్లును 18న సభలో పెట్టారు. 20న ప్రతిపక్షం నినాదాల మధ్యనే అది పాసైంది. మరునాడే సభ నిరవధికంగా వాయిదా పడింది. 2020 నాటి చట్టంలో తహసీల్దారు తప్పు చేస్తే పై అధికారి దగ్గరకు పోయే అప్పీలు దారి లేదు, కోర్టుకే పోవాల్సి వచ్చేది. కొత్త చట్టంలో ఆర్డీవోకు, ఆపైన కలెక్టరుకు అప్పీలు చేసుకునే వీలు పెట్టారు. తెల్ల కాగితం మీద రాసుకున్న సాదాబైనామాలకూ అందులో చోటిచ్చారు. లక్షల కుటుంబాల భూమి సంగతి ఇట్లా రెండు మూడు రోజుల్లో తేలింది.

బిల్లు పాసవగానే పని అయిపోలేదు. గవర్నరు ఆమోదం కావాలి, నిబంధనలు రాయాలి. ఆ చట్టం 2025 ఏప్రిల్ 14న గానీ అమలులోకి రాలేదు. అదీ మొదట నాలుగు మండలాల్లో ప్రయోగంగా మొదలైంది. సభ ముగిసిన తర్వాత కూడా ఎమ్మెల్యే వెంట పడాల్సింది ఇందుకే.

మీరు చేయాల్సింది

* సమావేశాలు మొదలవకముందే ఎమ్మెల్యేను కలవండి. ప్రశ్న వేయాలంటే ఆయన ముందుగా నోటీసు ఇవ్వాలి. ఆఖరి వారంలో పోతే జీరో అవర్‌లో లేవనెత్తడం, లాబీలో మంత్రికి కాగితం అందించడం తప్ప దారి ఉండదు.

* అర్జీ ఒక పేజీ మించొద్దు. కాలువ పేరు, తూము, సర్వే నంబరు, ఎండుతున్న ఎకరాలు రాయండి. ఇంతకుముందు ఏ ఆఫీసులో ఏ తేదీన దరఖాస్తు ఇచ్చారో రాసి, రసీదు జిరాక్సు జత చేయండి.

* ఒక్కరే పోకండి. ఆ కాలువ కింద రైతులంతా సంతకాలు పెట్టి పోతే బరువుంటుంది.

* సభ ముగిశాక మళ్లీ కలిసి మంత్రి ఏమన్నాడో అడగండి. జవాబు కాపీ తీసుకుని దాచుకోండి. రేపు ఇంజనీరు ముందు పెట్టడానికి పనికొస్తుంది.

* సభను ప్రోరోగ్ చేస్తే బిల్లులు ఉంటాయి గానీ, పెండింగులో ఉన్న నోటీసులు సాధారణంగా చెల్లవు. మళ్లీ ఇమ్మని గుర్తు చేయండి.

అడగనిదే అమ్మయినా పెట్టదంటారు. అడిగే తీరు తెలిసి అడిగితే పని కొంతైనా కదులుతుంది. ఇదంతా విన్న పెద్దాయన జేబులోంచి మడతలు పడ్డ కాగితం తీశాడు. అర్జీ బాగానే రాయించాడు గానీ, అందులో సర్వే నంబరు లేదు, పాత దరఖాస్తు తేదీ లేదు. "రసీదు ఇంట్ల పెట్టెల ఉన్నది, తెస్త" అని బస్సు కోసం లేచాడు. మీ రసీదు ఎక్కడుందో మీరూ ఇవాళే వెతకండి.