చేనికి ఝట్కా కంచె: కరెంటు తీగకూ దానికీ గల భేదం

నాందేడ్ జిల్లాలోని కిన్వట్, మాహూర్ తాలూకాలలో అడవి అంచున చేను గల కుటుంబానికి రాత్రి కాపలా కొత్త కాదు. ఒకప్పుడు మంచె, వడిసెల, ఒక కుక్క ఉంటే చాలుననుకునేవారు. పిదప చేను చుట్టూ పాత చీరలు కట్టారు. చీరల రెపరెపలకు అడవిపంది కొన్నాళ్ళు బెదురుతుంది, ఆపైన అలవాటు పడుతుంది. మనుబోతు, అనగా మరాఠీవారు రోహి అని పిలిచే జంతువు, లేత కందిని, సోయాబీన్‌ను మేసి పోతుంది.

ఈ విసుగులోనే కొందరు స్తంభం నుండి నేరుగా తీగ లాగి చేను చుట్టూ కడుతున్నారు. ఇది కంచె కాదు, ఉరి. ఇంటి కరెంటు 230 వోల్టులది. తెంపు లేకుండా ప్రవహిస్తుంది. దానిని పట్టుకొన్న చేతి కండరాలు బిగుసుకుపోతాయి, వదలదలచినా వదలలేవు. పంది కొరకు కట్టిన తీగకు తెల్లవారుజామున నీరు పెట్టబోయిన యజమానియే బలి కావచ్చును. టిప్పేశ్వర్ అడవుల నుండి పెన్‌గంగ దాటి ఆదిలాబాద్ వైపు తిరిగే పులి కూడా అదే తీగకు తగలవచ్చును. పులి గాని కృష్ణజింక గాని చనిపోతే 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం క్రింద 3 నుండి 7 ఏండ్ల జైలు శిక్ష ఉన్నది. దొంగ కరెంటుకు 2003 విద్యుత్ చట్టం 135వ సెక్షన్ వేరుగా వర్తిస్తుంది. మనిషి మరణిస్తే అది హత్యానేరం వరకూ పోవచ్చును.

సోలార్ కంచెలోని ఝట్కా మిషన్ తీరు వేరు. దానిలో వోల్టులు వేలల్లో ఉన్నప్పటికీ దెబ్బ సుమారు సెకనుకు ఒక్కసారి, అదీ రెప్పపాటులో వెయ్యోవంతు లెక్కన తగులుతుంది. రెండు దెబ్బల నడుమ జంతువుకు వెనుదిరుగుటకు, మనిషికి చేయి తీసుకొనుటకు వ్యవధి లభిస్తుంది. బ్యాటరీని సూర్యరశ్మి నింపుతుంది. మిషన్ చెడినదని ఆ తీగలకే ఇంటి కరెంటు కలిపేవారున్నారు. అది అన్నిటికన్నా ప్రమాదకరం.

పంది తల వంచి దూరును గనుక అడుగు తీగ నేలకు జానెడు ఎత్తుకు మించరాదు. మనుబోతు దూకును గనుక పై తీగ మనిషి ఎత్తుకు దగ్గరగా ఉండవలెను. ముళ్ళతీగకు ఝట్కా కలుపరాదు. చిక్కుకొన్న ప్రాణి విడిపించుకోలేదు. ఎర్తు కడ్డీలు తడి నిలిచే చోట లోతుగా దిగవలెను, లేనిచో వేసవిలో దెబ్బ బలహీనపడుతుంది. గడ్డి తీగకు తగిలితే శక్తి నేలలోకి జారిపోతుంది. వానాకాలంలో వారానికొకసారి కలుపు తీయని కంచె అలంకారమాత్రమే. హెచ్చరిక బోర్డు తెలుగు, మరాఠీ రెండింటిలోనూ ఉండుట మేలు.

మహారాష్ట్రలో 2015లో ఆరంభమైన డాక్టర్ శ్యామాప్రసాద్ ముఖర్జీ జన్-వన్ వికాస్ యోజన క్రింద అడవి అంచు గ్రామాలకు సోలార్ కంచెపై రాయితీ ఏర్పాటు చేశారు. ప్రస్తుత మొత్తాన్ని, అర్హతను అటవీ రేంజ్ కార్యాలయంలో విచారించిన తరువాతనే మిషన్ కొనవలెను. ఇల్లు తెలంగాణలో, చేను నాందేడ్‌లో ఉన్నవారు చేను ఉన్న వైపు కార్యాలయానికే వెళ్ళవలసి ఉంటుంది. పంట నష్టపోయినచో మూడు దినాలలోగా ఫిర్యాదు చేయవలెను. పంచనామా పూర్తయ్యే వరకు ఆ మడిని దున్నరాదు.