తోకలు వంగిన గెలాక్సీలు

సూరత్‌లోని బమ్రోలి, పాండేసర మరమగ్గాల హోరు మధ్య బతుకుతున్న తెలుగువాళ్లలో ఎంతమందికి తెలుసో గానీ, 1980ల్లో అదే ఊళ్లో ఒక రేడియో టెలిస్కోపు ఉండేది. అహ్మదాబాద్‌లోని ఫిజికల్ రీసెర్చ్ లేబొరేటరీ థల్తేజ్, రాజ్‌కోట్, సూరత్‌లలో 103 మెగాహెర్ట్జ్ దగ్గర పనిచేసే మూడు టెలిస్కోపులు పెట్టింది. ఆకాశంలోని రేడియో మూలాల మిణుకు ఒక ఊరికీ మరో ఊరికీ ఎంత సమయం తేడాతో చేరుతోందో లెక్కగట్టి, సూర్యుడి నుంచి వీచే సౌర పవనం వేగం తేల్చేవారు.

1985 డిసెంబర్‌లో హేలీ తోకచుక్క తోక అలాంటి ఒక రేడియో మూలానికి అడ్డొచ్చింది. ఆ సమయంలో దాని మిణుకు పెరిగిందని థల్తేజ్ టెలిస్కోపు పట్టేసింది. ఆ ఫలితం 1986లో ‘నేచర్’ పత్రికకెక్కింది. తోకచుక్క అయాన్ తోకను తోసేది సౌర పవనమే. మరి గెలాక్సీలకూ తోకలుంటాయనీ, వాటినీ గాలే వంచుతుందనీ మీకు తెలుసా?

కొన్ని గెలాక్సీల నడుమ ఉన్న కృష్ణబిలం రెండు వైపులా జెట్లను, అంటే పదార్థపు ధారలను, చిమ్ముతుంది. అవి మామూలు కంటికి కనబడవు, రేడియో తరంగాల్లో వెలుగుతాయి. 1968లో మార్టిన్ రైల్, విండ్రామ్ పెర్సియస్ గెలాక్సీ గుంపును చూస్తుంటే ఎన్‌జీసీ 1265 అనే గెలాక్సీ వెనక పరిగెత్తే బొగ్గింజను పొగలాగా ఒక తోక కనబడింది. దాని జెట్లే అలా వెనక్కి వాలి తోకయ్యాయి. గుంపులోని వాయువును చీల్చుకుంటూ ఆ గెలాక్సీ సెకనుకు 2,000 కిలోమీటర్లకు పైగా వేగంతో దూసుకుపోతోంది మరి.

ఆ వాయువు ఎంత పలచన అంటే, చాలా చోట్ల లీటరు జాగాలో ఒకటో రెండో కణాలు. వేడి మాత్రం కోట్ల డిగ్రీలు.

నాకు అన్నిటికన్నా నచ్చే చిక్కుముడి మరొకటుంది. గుంపు మధ్యలో కూర్చున్న పెద్ద గెలాక్సీ పెద్దగా కదలదు. అయినా కొన్నిటి జెట్లు విశాలంగా విల్లులా వంగి ఉంటాయి. ఏబెల్ 2634 గుంపులోని 3సీ 465 ఇందుకు పేరుమోసిన ఉదాహరణ. పరుగు లేనిచోట ఎదురుగాలి ఎక్కణ్నుంచి వచ్చింది? గెలాక్సీ గాలిలోకి పోలేదు, గాలే దాని మీదికి వచ్చింది. రెండు గెలాక్సీ గుంపులు ఢీకొన్నప్పుడు వాటి వాయువు సెకనుకు వేల కిలోమీటర్ల వేగంతో ఒకదానిలోకి ఒకటి చొరబడుతుంది. మహావిస్ఫోటం తర్వాత విశ్వంలో ఇంతకన్నా శక్తిమంతమైన ఘటనలు లేవంటారు. ఢీ ముగిశాక కూడా ఆ వాయువు చాలాకాలం అటూ ఇటూ ఊగుతూనే ఉంటుంది. మధ్యలో కదలకుండా ఉన్న గెలాక్సీ జెట్లు ఆ ఊపుకు వంగిపోతాయి. ఖగోళ శాస్త్రవేత్త జాక్ బర్న్స్ 1998లో దీన్ని గెలాక్సీ గుంపుల్లోని తుపాను వాతావరణంగా వర్ణించారు. ఆ మాట సరిగ్గా అతికింది.

ఏబెల్ 400లోని 3సీ 75లో రెండు కృష్ణబిలాలు పక్కపక్కనే ఉన్నాయి. నాలుగు జెట్లూ ఒకే వైపుకు వాలాయి. ఆ గుంపూ మరో గుంపుతో కలుస్తున్నదే.

ఇలాంటి తోకలు చూడటానికి మన దేశంలో ఉన్న గొప్ప సాధనం పుణె దగ్గర ఖోడద్‌లోని జీఎంఆర్‌టీ రేడియో టెలిస్కోపు. గోవింద్ స్వరూప్ దీనికి రూపకర్త. ఒక్కొక్కటి 45 మీటర్ల వెడల్పున్న 30 డిష్‌లు 25 కిలోమీటర్ల మేర పరుచుకుని ఉంటాయి. డిష్ లోపలి పరుపు రేకు కాదు, సన్నటి స్టీలు తీగల వల. గాలి అందులోంచి దూరిపోతుంది కాబట్టి బరువూ తగ్గింది, ఖర్చూ తగ్గింది. కోమా గుంపులోని ఎన్‌జీసీ 4869 తోక ఒకచోట ఠక్కున మలుపు తిరగడాన్ని ఈ టెలిస్కోపుతో వివరంగా పరిశీలించారు.

వంగిన తోక కనబడిందంటే చుట్టూ గుంపు ఉండే అవకాశం ఎక్కువ. రేడియో గెలాక్సీ జూ అనే కార్యక్రమంలో చిత్రాలు జల్లెడపడుతున్న ఇద్దరు ఔత్సాహికులు, ఇవాన్ తెరెంతేవ్, టిమ్ మాటోర్నీ, విడివిడిగా కనిపించిన రేడియో మరకలు నిజానికి ఒకే వంగిన గెలాక్సీవని గుర్తుపట్టారు. దాని వెంట వెతికితే వంద కోట్ల కాంతి సంవత్సరాలకు పైబడిన దూరంలో కనీసం 40 గెలాక్సీల గుంపు బయటపడింది. 2016లో ఆ గుంపుకు వాళ్ల పేర్లే పెట్టారు.

మన దగ్గరా అలాంటి అవకాశం ఉంది. డాక్టర్ ఆనంద హోతా 2013లో మొదలుపెట్టిన ‘రాడ్ ఎట్ హోమ్’ బీఎస్సీ, బీఈ స్థాయివాళ్లకు జీఎంఆర్‌టీ చిత్రాలు చదవడం నేర్పుతుంది. బమ్రోలిలో అయినా సిరిసిల్లలో అయినా, మీ ఇంట్లో డిగ్రీ చదివే పిల్లలుంటే ఈ పేరు వాళ్ల చెవిన వేయండి.